ముందు కుక్క స్లైడు

తొంభైల్లో ఒకసారి మా శాఖవాళ్లు నన్ను హైదరాబాదుకు శిక్షణకు పంపారు. ఒక పెద్ద పరిశోధనశాలలో, స్వెటరు లేకుండా కూర్చోలేనంత చల్లటి గదిలో, కొత్తగా తెప్పించిన కన్ఫోకల్ మైక్రోస్కోపు చూపించారు. ఎలుక మెదడు ముక్కకు మెరిసే రంగులు అంటించి, దాని మీదికి లేజర్ కాంతి పంపితే, ముక్కను ఇంకా పలచగా కొయ్యకుండానే లోపలి పొరల్ని ఒక్కొక్కటిగా కంప్యూటర్ తెర మీదికి తెస్తుంది ఆ యంత్రం. ఆకుపచ్చటి నరాల కణాలు, వాటి కొమ్మలూ రెమ్మలూ, పొర మారినకొద్దీ తేలుతూ మునుగుతూ కనిపించాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా నోళ్లు తెరిచారు. నాకూ ముచ్చటేసింది. కానీ నా నోరు ఊరుకోదు కదా. చెయ్యెత్తి, "రంగు అంటించని ముక్కను కూడా చూశారా? అది నల్లగానే ఉందా?" అని అడిగాను. చూపిస్తున్నాయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు. నా పక్కన కూర్చున్న వరంగల్ మిత్రుడు మోచేత్తో పొడిచి, "గీడ గూడ నీ లొల్లేనా?" అన్నాడు.

నా లొల్లి వెనక ఒక బర్రె ఉంది. ఆ బర్రె మా అక్కది.

నేను అప్పట్లో కరీంనగర్‌లో పశువుల జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. మూడు గదులు, ఒక వరండా, రెండు ఫ్రిజ్‌లు. ఫ్రిజ్‌లలో ఒకటి ఎప్పుడూ మొరాయిస్తూనే ఉండేది. పేడ, రక్తం, పాలు, చచ్చిన కోళ్లు, ఇవీ మాకొచ్చే కానుకలు. ఎనభైల నడుమ మాకు ఒక ఫ్లోరసెంట్ మైక్రోస్కోపు వచ్చింది. ఇటు మన జిల్లాలోనూ అటు ఆదిలాబాద్‌లోనూ ఇలాంటిది ఇంకొకటి లేదని మా డాక్టర్ సారు అంటే, నేను దానికి నాలుగు జిల్లాలు కలిపి ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. కుక్క ఎవరినైనా కరిచి చచ్చిపోతే, దానికి నిజంగా పిచ్చి ఉందో లేదో తేల్చి చెప్పేది ఆ మైక్రోస్కోపే.

పద్ధతి చెప్తాను, కష్టమేం కాదు. చచ్చిన జంతువు మెదడు కొంచెం తీసి గాజు స్లైడుకు అద్దాలి. అసిటోన్‌లో ముంచి చల్లగా ఉంచాలి. తర్వాత దాని మీద ఒక చుక్క మందు వెయ్యాలి. ఆ మందుకు మెరిసే రంగు ముందే అంటించి ఉంటుంది. మెదడులో పిచ్చి జబ్బు క్రిమి ఉంటే మందు పోయి దాన్ని పట్టుకుంటుంది. లేకపోతే కడిగినప్పుడు నీళ్లతో పాటు పోతుంది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన గదిలో పాదరసం దీపం వెలిగించి చూస్తే, జబ్బున్న మెదడులో పచ్చటి చుక్కలు మెరుస్తాయి. జబ్బు లేని మెదడు నల్లగా ఉండిపోతుంది.

దీంతో పాటు ప్రతిసారీ ఇంకో స్లైడు చెయ్యాలి. అది పిచ్చితోనే చచ్చిందని ముందే రుజువైన కుక్కది. భైంసా వైపు నుంచి వచ్చిన ఒక కుక్క మెదడును మేం అందుకోసమే గ్లిజరిన్‌లో దాచి ఉంచాం. ముందు కుక్క స్లైడు చూడాలి. అది మెరిసిన తర్వాతే కొత్తది చూడాలి. ఈ మాట డాక్టర్ సారు నాకు మొదటి రోజే చెప్పారు. మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేను వేలు చూపించి మరీ చెప్పేవాణ్ని.

ఇక అక్క సంగతి. అక్కది కరీంనగర్‌కు గంట ప్రయాణం దూరంలో ఒక పల్లె. బావ దుబాయిలో తాపీ పని చేస్తాడు. రెండేళ్లకోసారి వస్తాడు. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అవ్వ, అంటే మా అమ్మ, పొలానికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే కాబట్టి, ఈ ప్రపంచంలో నేను ఎదురు మాట్లాడని మనిషి ఆమె ఒక్కతే. ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం ఆమె బర్రె ఈనింది. జున్నుపాలు వాడంతా పంచింది. మాకు కూడా ఒక సీసా వచ్చింది.

ఈనిన వారానికి బర్రె నోటి నుంచి చొంగ కారడం మొదలైంది. గడ్డి నోట్లో పెట్టుకుంటుంది, మింగదు. నీళ్ల తొట్టిలో మూతి పెడుతుంది, తాగదు. మామిడిపండ్ల రోజులవి. టెంక తిని గొంతులో అడ్డం పడ్డదని అక్క అనుకుంది. మా వైపు ఎవరైనా అదే అనుకుంటారు, ఎండాకాలంలో పశువు చొంగ కార్చిందంటే ముందు టెంకే గుర్తొస్తుంది. చెయ్యి పెట్టి తియ్యాలి. అక్క చెయ్యి సన్ననిది, మోచేతిదాకా పోతుంది. అయితే ఆమె చేతికి డజను మట్టిగాజులున్నాయి. బావ పరాయి దేశంలో ఉన్నన్నాళ్లూ అక్క ఒక్క నిమిషం కూడా చెయ్యి బోసిగా పెట్టదు. తలంటు పోసుకున్నా తియ్యదు, పిండి పిసికినా తియ్యదు. గాజులతోనే బర్రె నోట్లో చెయ్యి పెట్టింది. బర్రె దవడ బిగించింది. గాజులు పటపటా పగిలాయి. టెంక దొరకలేదు కానీ, చెయ్యి బయటికి వచ్చేసరికి మణికట్టు మీద మూడు గాట్లు, వాటి నిండా చొంగ.

పసుపు అద్దుకుని పనిలో పడింది. మర్నాటికి బర్రె గోడను కుమ్మడం, గొంతు చీలేలా అరవడం మొదలుపెట్టింది. ఆ మరుసటి రోజు పొద్దున్నే చచ్చిపోయింది. అప్పుడు ఊళ్లో ఎవరికో గుర్తొచ్చింది, నెల కింద ఒక ఊరకుక్క నోరు తెరుచుకుని పశువుల నడుమ పరుగెత్తిందని.

కబురు అందగానే నేను ట్రాక్టరులో పోయి బర్రె తలను మంచుగడ్డలు వేసిన గోనెసంచిలో కట్టించి తెచ్చాను. అక్కను, ఆమెతో పాటు మా అవ్వను కరీంనగర్‌లో నేనుంటున్న అద్దె ఇంటికి తీసుకొచ్చాను. అక్క పిల్లల్ని తన అత్తగారి దగ్గర ఉంచింది. దారంతా అక్క ఒకటే మాట. "బర్రె ఎట్లనో పోయింది తీ. మీ బావకు మాత్రం రాయకు. ఆడ పరేషాన్ అయితడు."

డాక్టర్ సారు ఆమె మణికట్టు చూశారు. ఆయనది ఆదిలాబాద్ జిల్లా జైనూర్ వైపు. చాలా నెమ్మదస్తుడు. మరాఠీ వాళ్లలాగ ప్రతిదానికీ 'బరా', అంటే సరే, మంచిది, అంటారు. ఆ రోజు బరా అనలేదు. "సూదులు ఇయ్యాల్నే మొదలువెట్టుండ్రి. బర్రె రిపోర్టు మంచిగొస్తే నడుమల ఆపుదాం. అచ్చేదాంక ఒక్క దినం గూడ తప్పొద్దు," అన్నారు.

ఆ రోజుల్లో పిచ్చికుక్క సూదులంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు. రోజుకొకటి. పెద్దాసుపత్రిలో పొద్దున పూటే వేసేవారు. పొట్ట బొబ్బలెక్కినట్టు ఉబ్బేది. ఆ మందును గొర్రె మెదడు నుంచి తీసేవారు. ఎప్పుడో ఎవరికో ఆ సూదుల వల్లే కాళ్లు పడిపోయాయని కూడా విని ఉన్నాం. వేయించుకుంటే ఆ భయం. వేయించుకోకపోతే, బర్రెకు నిజంగా పిచ్చి ఉంటే, మనిషి బతకదు. ఆ జబ్బు బయటపడ్డాక బతికిన మనిషిని నేను చూడలేదు. అక్కకు ముప్పై ఏడేళ్లు.

మెదడు తీసి, సగం స్లైడ్లకు, సగం గ్లిజరిన్ సీసాలో పెట్టి ఉంచాం. ఆ రోజే చూసేవాళ్లమే. కానీ అదే మధ్యాహ్నం మా వాడలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. వానలకు ముందు పశువులకు టీకాలేసే రోజులు కాబట్టి డాక్టర్ సారు జైనూర్ క్యాంపుకు పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ, "కరెంటొస్తే స్లైడ్లు జేసి ఉంచు. సూసుడు మాత్రం ఇద్దరం కలిసి సూద్దాం," అన్నారు. నేను తల ఊపాను. మెరిసే మందు సీసా మా దగ్గర ఒక్కటే ఉంది. ఫ్రిజ్ వేడెక్కకుండా ఐస్ ఫ్యాక్టరీ నుంచి గడ్డలు మోసుకొచ్చి దాని చుట్టూ పేర్చాను. మందును కాపాడానని నాకు నేనే శెభాష్ అనుకున్నాను.

నాలుగు రోజులు గడిచాయి. రోజూ పొద్దున అక్కతో ఆసుపత్రికి పోయేవాణ్ని. ఆమె చీర కుచ్చిళ్లు కాస్త కిందికి జరుపుకుని, పైకి చూస్తూ పళ్లు కరిచేది. బయటికొచ్చాక, "గింత సూదికి గంత మందెట్ల పడుతదిరా?" అని నన్నే అడిగేది. ఊళ్లోంచి జున్ను తిన్నవాళ్లు ఒక్కొక్కరుగా మా ఇంటికి రాసాగారు. కాగబెట్టి తిన్నారు, మీకేం కాదు అని చెప్పినా వినరు. ఆ జబ్బు సోకినవాళ్లకు నీళ్లంటే భయం పుడుతుందని అందరూ విన్నదే. ఒకాయనైతే, "నాకు నీళ్లు సూస్తె జర భయమైతుంది," అన్నాడు. ఆయనకు స్నానమంటే పుట్టినప్పటి నుంచి భయమేనని వాడకంతా తెలుసు. అక్క పడీ పడీ నవ్వింది. నవ్వితే పొట్ట నొప్పి పెడుతుందని మళ్లీ మూలిగింది.

అయిదో రోజు మధ్యాహ్నం మూడింటికి కరెంటు వచ్చింది. నేను ఇంటికి పరుగెత్తి చెప్పాను. అక్క వద్దంటే వినకుండా నా వెంట వచ్చి ల్యాబు వరండాలో బెంచీ మీద కూర్చుంది. మందు వేశాను, అరగంట వెచ్చగా ఉంచాను, కడిగాను. నల్లగుడ్డలు దించి దీపం వెలిగించాను. ట్రేలో స్లైడ్లన్నీ వరసగా ఉన్నాయి. మొదటిది కుక్కది. నా చెయ్యి దాన్ని దాటి అక్క బర్రె స్లైడును అందుకుంది.

గోడకు అవతల అక్క దగ్గు వినిపిస్తోంది. ఆమెది ముందు చూడకుండా చచ్చిన కుక్కది చూస్తూ కూర్చోవడం ఆ నిమిషంలో నాకు చేతకాలేదు, అంతే.

చూశాను. నల్లగా ఉంది. ఇటు జరిపాను, అటు జరిపాను. ఒక్క పచ్చచుక్క లేదు. రెండోదీ నలుపే. అంతలో కరెంటు పోయింది. ఆ దీపం ఒకసారి ఆరితే చల్లబడేదాకా మళ్లీ వెలిగించకూడదు. అసలు కరెంటే లేదు. నేను చీకట్లో తడుముకుంటూ బయటికి వచ్చాను. అక్క లేచి నిలబడింది.

"ఏం లేదక్కా. అంత నల్లగున్నది. నీకేం గాదు."

అక్క నా ముఖంలోకి చూసింది. తర్వాత నా తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. వరండాలో కోడిని పట్టుకుని కూర్చున్న ఒక రైతు మమ్మల్ని చూసి తానూ కళ్లు తుడుచుకున్నాడు. ఇంటికి పోతే అవ్వ దేవుని గూటికి మొక్కి, "రేపు మంగళారం. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న. తొలి బస్సుకే పోతం," అంది. ఆ రాత్రి అయిదు రోజుల తర్వాత ముగ్గురం కడుపునిండా తిన్నాం. సూది మాట ఎవరూ ఎత్తలేదు.

పొద్దున వాళ్లు బస్సెక్కారు. నేను ఈలేసుకుంటూ ల్యాబుకు పోయాను. కరెంటు ఉంది. మిగిలిన స్లైడ్లు చూసి కాగితం రాసి పెడితే, సారు రాగానే సంతకం చేస్తారని నా లెక్క. తీరుబడిగా కుక్క స్లైడు పెట్టాను.

నల్లగా ఉంది.

తిరగేసి పెట్టానేమో అనుకున్నాను. సరిగ్గానే ఉంది. దీపం పూర్తిగా వెలగలేదేమో అని పది నిమిషాలు ఆగాను. మళ్లీ చూశాను. మెదడంతా జబ్బు నిండి చచ్చిన కుక్క, ఎప్పుడు పెట్టినా కళ్లు చెదిరేలా మెరిసే కుక్క, బొగ్గులా ఉంది. రాత్రంతా ఉన్నందుకు వెలిసిపోయిందా అని ఆ సీసాలోని మందుతోనే ఇంకొకటి కొత్తగా చేశాను. అదీ బొగ్గే. అప్పుడు అర్థమైంది. మందు చచ్చిపోయింది. నాలుగు రోజుల ఎండకు, నా ఐసుగడ్డల నడుమ చల్లబడుతూ వేడెక్కుతూ ఎప్పుడో చచ్చింది. చచ్చిన మందు వేస్తే ఏ మెదడైనా నల్లగానే కనిపిస్తుంది. అక్క బర్రెకు పిచ్చి ఉందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే చెప్పాను. ఆ మాట నమ్మి అక్క ఇవాళ సూదికి పోలేదు.

అదే సమయానికి డాక్టర్ సారు జైనూర్ నుంచి దిగి, సంచీ భుజాన ఉండగానే లోపలికొచ్చారు. నేను దాచలేదు. కుక్కది చూడకుండా అక్కకు చెప్పేశానని చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన గోడ గడియారం చూశారు.

"ఆమె ఏడున్నది?"

"కొండగట్టు పోయింది సార్."

"మందు నేను తెప్పిస్త. నువ్వు పోయి ఆమెను పట్టుకరా. దినం తప్పొద్దన్నగద. పో, ఇంక నిలవడ్డవేంది?"

జగిత్యాల బస్సు దొరికింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. దారిలో ప్రతి స్టేజీ దగ్గరా ఆపి ఎక్కించుకుంటున్న డ్రైవరు మీద అరిచాను. ఆయన నన్ను అద్దంలో చూసి, "మొక్కు నీ ఒక్కనికేనా?" అన్నాడు. కొండ మీదికి పోయేసరికి పదకొండు దాటింది. దర్శనం క్యూలో లేరు. కొబ్బరికాయలు కొట్టే చోట లేరు. చివరికి రేకుల షెడ్డు కింద కనిపించారు. అవ్వ కర్రతో కోతుల్ని బెదిరిస్తోంది. అక్క సద్ది విప్పుకుని, ఎవరో తెలియని ఆడమనిషికి చీర కాస్త పక్కకు తొలగించి పొట్ట మీద సూది మచ్చలు చూపిస్తూ గలగలా నవ్వుతోంది. "మా తమ్ముడు మిషన్ల సూసి చెప్పిండు. గిట్ల చెప్పిండో లేదో, నా పానం లేచొచ్చింది," అంటోంది.

నేను ఆమె ముందు కూలబడ్డాను.

"అక్కా, నేను నిన్న తప్పు చెప్పిన."

అక్క చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. రెండు స్లైడ్లుంటాయని, ముందు కుక్కది చూడాలని, నేను చూడలేదని, ఇవాళ చూస్తే అది కూడా నల్లగానే ఉందని. అవ్వకు సగమే అర్థమైంది, ఆ సగం చాలింది. కోతుల మీదికి ఎత్తిన కర్ర నా వీపు మీద పడింది. "నీ నోట్ల మన్నువడ! దేవుని ముంగట కాయ కొట్టినంక చెప్తవా?" అని ఏడుపు లంకించుకుంది. అంతదాకా నవ్వుతున్న ఆ ఆడమనిషి మెల్లగా తన మూట తీసుకుని పక్కకు జరిగింది.

అక్క ముద్దను ఆకులో పెట్టి చెయ్యి కడుక్కుంది. సద్ది మూట కట్టింది. "దవాఖాన ఎన్నింటిదాంక ఉంటది?" అంది.

"పన్నెండిటిదాంక."

"మరి కూసున్నవేంది? నడు."

కిందికి దిగే దారిలో ఒక జీపును బతిమాలి ఎక్కాం. పది మంది పట్టే జీపులో పదిహేడు మందిమి. అక్క నా పక్కనే సీటు అంచుకు ఒక తొడ ఆనించి కూర్చుని రోడ్డు చూసింది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది. "అంటే, జరమొచ్చి నోరు చేదువడ్డోడు కూర తిని ఉప్పు లేదన్నట్టు. ముందుగాల ఇంత ఉప్పు నాలిక మీదేసుకుని సూడాలె. నాలిక మంచిగున్నదో లేదో. గంతేనా?"

"గంతే అక్కా."

నేను అప్పటికి మూడు నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఎందరికో నేర్పాను. ఇంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు. ఆ మాట ఆమెతో అందామనుకున్నాను కానీ, అక్క మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. ఆమె చెంప మీద నీళ్లు కారుతున్నాయి. అవి ఎండకో, జీపు లేపిన దుమ్ముకో అనుకునేంత అమాయకుణ్ని కాను. నేనే కదా నిన్న ఆమెకు ప్రాణం తిరిగిచ్చినట్టే ఇచ్చి ఇవాళ గుంజుకున్నది. ఆ జీపులోంచి దూకేద్దామన్నంత సిగ్గేసింది.

ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట దాటింది. సూదుల గదికి తాళం వేసి ఉంది. పెద్ద నర్సమ్మ ఇంటికి పోవడానికి గొడుగు తెరుస్తోంది. నేను ఏదో చెప్పబోయాను. అక్క నన్ను పక్కకు నెట్టి, "అమ్మా, ఇయ్యాల ఆరోది. మా తమ్ముడు ఆగం జేసిండు," అంది. నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసి గొడుగు మూసింది. తాళం తీసింది. ఆరో సూది ఆరో రోజే పడింది. నేను వరండా మెట్ల మీద కూర్చుని, ఆ నర్సమ్మ కడుపు చల్లగా ఉండాలని మనసారా అనుకున్నాను.

కొత్త మందు కోసం డాక్టర్ సారు హైదరాబాదుకు ట్రంక్‌కాల్ చేశారు. ఆయనకు తెలిసినాయన ఒకరు థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, దాన్లో సీసా పెట్టుకుని బస్సులో వచ్చారు. అది వచ్చేసరికి పదకొండో రోజైంది. ఈలోపు అక్కకు పదకొండు సూదులూ పడ్డాయి. ఏడో సూది నుంచి ఆమె నాతో పైపైనే మాట్లాడేది. కోపమని కాదు, నా ముఖం చూసి ఏదైనా పట్టుకుందామని చూసేది, అక్కడ ఏమీ దొరక్కపోయేసరికి చూపు తిప్పుకునేది. రాత్రిళ్లు లేచి చెంబెడు నీళ్లు తాగేది. నీళ్లు గొంతు దిగుతున్నాయో లేదో చూసుకుంటోందని నాకు తెలుసు.

గ్లిజరిన్‌లో దాచిన బర్రె మెదడు సగాన్ని ఉప్పునీళ్లలో బాగా కడిగి కొత్త స్లైడ్లు చేశాం. కుక్కవి కూడా కొత్తగా చేశాం. దీపం వెలిగించి, నేను కుర్చీ సారు వైపు జరిపాను. ఆయన కూర్చోలేదు. "నువ్వే సూడు. ముందు కుక్కది," అన్నారు.

కన్ను ఆనించాను. చీకటి నిండా పచ్చపెసలు చల్లినట్టు మెరుస్తున్నాయి. పెద్దవి, చిన్నవి, పొడిపొడిగా, ఎటు జరిపినా అవే. అంత భయంకరమైన జబ్బును చూసి అంతగా సంతోషించిన మనిషి ఇంకొకడు ఉండడు. "మెరుస్తుంది సార్," అన్నాను. ఆయన వంగి చూసి, "బరా," అన్నారు. పదకొండు రోజుల తర్వాత మళ్లీ విన్నాను ఆ మాట.

తర్వాత బర్రెది. ఆరు స్లైడ్లు. ఒక్కో స్లైడును పొలం దున్నినట్టు ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా వరస తప్పకుండా చూశాను. నలుపు. తర్వాత సారు అన్నీ మొదటి నుంచి చూశారు. నలుపు. నడుమ మళ్లీ కుక్కది పెట్టి చూసి, మళ్లీ బర్రెది చూశారు. గంటన్నర పట్టింది. చొక్కా పిండితే నీళ్లు కారేట్టున్నాయి. చివరికి ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "లేదు. రాయ్," అన్నారు. రాసిన కాగితం మీద సంతకం చేసి నా చేతికిచ్చి, "ఇప్పుడు పోయి చెప్పు. గీసారి చెప్పొచ్చు," అన్నారు.

ఇంటికి నడిచిపోయానో పరుగెత్తానో గుర్తులేదు. అక్క గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి చేతులు ఆపింది, లేవలేదు.

"అక్కా, ఏం లేదు. రేపటి నుంచి సూది లేదు."

"కుక్కది మెరిసిందా?"

"మెరిసింది."

"ఎవరు సూసిండ్రు?"

"నేను సూసిన. సారు సూసిండు. ముందుగాల కుక్కదే సూసినం. మంచిగ మెరిసింది. బర్రెది ఆరు సూసినం, ఏం లేదు. దానికి పిచ్చి లేకుండె అక్కా."

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. అవ్వ లోపలి నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది, ఈసారి మొక్కు మాట ఎత్తలేదు.

"మరి ఎందుకు సచ్చింది?" అంది అక్క.

ఈనిన పశువుల్లో ఇలాంటి లక్షణాలకు కారణాలు ఇంకా ఉంటాయని, ఇప్పుడు తేల్చడానికి వీల్లేదని సారు అన్నారు. అయిదారు పేర్లు చెప్పారు కూడా. వాటిలో ఒకటి పట్టుకుని ఘనంగా చెప్పేవాణ్నే, పది రోజుల కిందటైతే.

"తెల్వదక్కా," అన్నాను.

అక్క తల ఊపింది. చింతపండు చేట పక్కకు పెట్టింది. ఇన్ని సూదులకూ కొండ మీద నా మాటకూ గొంతెత్తి ఏడవని మనిషి, అప్పుడు మోకాళ్ల మీద తల పెట్టుకుని బావురుమంది. నేను భయపడి పక్కన కూర్చున్నాను. "ఏమాయె అక్కా? మంచిదే చెప్పిన గద," అన్నాను.

"అది సచ్చిననాడు ఊరోళ్లు దాని నొసటికి ఇంత పసుపు, కుంకుమ పెడ్తమంటె నేనే పెట్టనియ్యలే తమ్మీ. పిచ్చిది, తాకొద్దని మొత్తుకున్న. పదకొండు దినాలాయె, తిట్టని పొద్దు లేదు. దానికేం రోగమున్నదో పాపం. నా పిల్లలకు అయిదేండ్లు పాలిచ్చింది. ఇంత పసుపు గూడ పెట్టనియ్యలే," అంటూ ఏడ్చింది.

అవ్వ ఊరుకోబెట్టబోయింది. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. అక్క తనివితీరా ఏడ్చింది. ఆ ఏడుపు తన ప్రాణం కోసం కాదు, పోయిన బర్రె కోసం. అది వింటూ పక్కన కూర్చుంటే, అక్క నిజంగానే బతికిందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.